ఆబోతు తిన్న మేత

మంగళవారం, గురువారం పొల్లాచ్చి సంతలో కోడెదూడను బేరం చేసేవాళ్లు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తారు, సుడులు వెతుకుతారు, మూపురం మీద అరచెయ్యి పెట్టి నొక్కుతారు. ఆ తర్వాత తల్లి పాడి ఎంత, తండ్రి ఏ ఊరి ఆబోతు అని అడుగుతారు. ఆ ఆబోతు ఏం తిని పెరిగిందన్న ప్రశ్న మాత్రం అరుదు. నాయకరాజుల కాలం నుంచి ఈ కోయంబత్తూరు సీమలో సేద్యం చేస్తున్న మన తెలుగు ఇళ్లలో ఆ ప్రశ్నకు చోటుండాలని నా కోరిక.

మా వైపు గొప్ప జాతి కాంగేయం. పాళయకోట్టై పట్టగారు వంశం ఏరి ఏరి నిలబెట్టిన జాతి అది. దూడ ఎర్రగా పుడుతుంది, ఆరు నెలలకు బూడిద రంగులోకి మారుతుంది. ఆబోతుగా ఎదిగేకొద్దీ మూపురం, భుజాలు, తొడలు నల్లబారతాయి. విత్తులు కొట్టిస్తే ఆ నలుపు వెలిసిపోతుంది.

ఆ ఒంటి వెనక ఒక మేత ఉంది. పొల్లాచ్చికి తూర్పు, ఈశాన్య దిక్కుల్లోని ధారాపురం, కాంగేయం మెట్టల్లో కొరంగాడు అనే పచ్చిక బీళ్లుంటాయి. చుట్టూ కిలువై కొమ్మలు నాటి పెంచిన పచ్చి కంచె, లోపల కొళుక్కట్టై గడ్డి, అక్కడక్కడ తెల్లతుమ్మ. ఒక మడిలో గడ్డి తగ్గగానే పశువును పక్క మడికి తోలతారు, మొదటి మడి మళ్లీ చిగురుస్తుంది. నీటిబొట్టు పెట్టకుండా వానమీదే ఇంత మేతను నిలబెట్టిన ఈ అమరిక వెనక ఎన్ని తరాల బుర్ర పనిచేసిందో!

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలవదంటారు. నిజమే. అయితే ఆ విత్తు ఏ తిండితో తయారైందన్నది కూడా లెక్కలోకి వస్తుందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో మాంసకృత్తులు తక్కువైన మేత మీద మగ చిట్టెలుకలను పెంచి చూశారు. వాటి పిల్లల కాలేయంలో కొవ్వు తయారుచేసే జన్యువులు మామూలుకన్నా చురుగ్గా పనిచేశాయి. జన్యువుల రాత మారలేదు, వాటిని నడిపే తీరు మారింది.

పశువుల్లో ఇదే ప్రశ్నను అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన హసన్ ఖతీబ్ బృందం ఎలా పట్టుకుందో చూస్తే ముచ్చటేస్తుంది. పాలీపే జాతి పొట్టేళ్లలో కవలలను ఎంచుకున్నారు. ఒకే కడుపున, ఒకే కాన్పులో పుట్టిన రెండింటిలో ఒకదానికి మామూలు దాణా, రెండోదానికి అదే దాణాలో మెథియోనిన్ అనే పోషకం కలిపి. పాలు మాన్పించినప్పటి నుంచి ఈడుకొచ్చేదాకా అంతే. నెమరువేసే జంతువు పొట్టలో సూక్ష్మజీవులు ఆ పదార్థాన్ని దారిలోనే మింగేస్తాయి కాబట్టి, వాటికి అందకుండా కాపాడిన రకాన్నే వాడారు. నాకు బాగా నచ్చిన జాగ్రత్త అది. శరీరం జన్యువుల మీద అంటించే చిన్న చిన్న రసాయనపు గుర్తులకు ముడిసరుకు ఈ మెథియోనినే.

2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మెథియోనిన్ తిన్న పొట్టేళ్ల పిల్లల్లో నడుము కండ మందంలోనూ, మగపిల్లల వృషణాల చుట్టుకొలతలోనూ తేడా కనిపించింది. 2022లో అదే బృందం, తాత తిన్న తిండి గుర్తులు కొన్ని మనవల దాకా చేరాయని చూపింది. గొర్రెల లెక్కను తెచ్చి కాంగేయం మీద అతికించకూడదు. కానీ కవలలను ఎంచుకున్న ఆ ఓపికా, కంచె నాటి మడులు మార్చిన మన వాళ్ల ఓపికా ఒకటే జాతివని నా నమ్మకం.

ఆబోతులో వీర్యకణం తయారవడానికి సుమారు 61 రోజులు పడుతుంది. చూలు కట్టించే రోజున ఆబోతు ముందు గంపెడు పత్తిగింజలు పోసి ప్రయోజనం లేదు. ఆ పని రెండు నెలల ముందే మొదలవ్వాలి. ఆ రెండు నెలలూ ఎండాకాలంలో పడితే కొరంగాట్లో గడ్డి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. అప్పుడు తెల్లతుమ్మ చెట్టే దిక్కు. దాని కాయలు మాంసకృత్తులున్న మేత. నీడలో రాలిన కాయల కోసం ఆబోతు మూతి నేలకు ఆనించి, ముళ్లను పెదవితో పక్కకు తోసుకుంటూ, ఒక్కొక్కటే ఏరుకుని తింటుంది.