వేయి పుటల లెక్కల గ్రంథము

ఎక్సెల్ నేర్వగోరువారికి నేడు మార్గములు కొల్లలు. కావలసిన ఫార్ములా ఫోనులో వెదకిన క్షణములో దొరకును. దానిని తెచ్చి సెల్లులో అతికించినచో నాటి పని నాటికి గడచిపోవును. అయినను, జాన్ వాకెన్‌బాక్ రచించిన ‘ఎక్సెల్ 2010 బైబిల్’ వంటి వేయి పుటలకు మించిన గ్రంథమును ముందిడుకొని, ప్రక్కన కంప్యూటరు తెరచి, చదివిన ప్రతి విషయమును చేతితో చేసి చూచుచు వరుసగా సాగుటలో ఒక విద్యాలాభము కలదనియు, అది అప్పటికప్పుడు వెదకి తెచ్చుకొన్న ఫార్ములాల వలన సిద్ధించునది కాదనియు నా దృఢవిశ్వాసము.

దృష్టాంతమునకు ఒక జీతపు పట్టీని గైకొందము. బి నిలువు వరుసలో ఉద్యోగుల మూలవేతనములు, జి1 సెల్లులో కరవుభత్యపు శాతము ఉన్నవి. సి2లో బి2ను జి1తో హెచ్చవేయు ఫార్ములా వ్రాసి క్రిందికి లాగినచో, మొదటి ఉద్యోగికి భత్యము సరిగా వచ్చును; రెండవవానికి సున్న. ఏలయన, ఫార్ములా ఒక మెట్టు దిగినప్పుడు తన చూపును గూడ ఒక మెట్టు దించుకొని, ఖాళీగా నున్న జి2ను చూచుచున్నది. జి అక్షరమునకు ముందొకటి, అంకెకు ముందొకటి డాలరు గుర్తు నుంచినచో ఆ చూపు జి1 మీదనే నిలుచును. గుర్తు పెట్టుమని ఎవరైనను చెప్పగలరు. బి2 ఏల కదలవలెనో, జి1 ఏల కదలరాదో, ఈ చలనస్థైర్యములు రెండును ఒకే ఫార్ములాలో ఎట్లు ఇముడునో క్రమపఠనము వలననే మనసున నాటును. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్‌లు ఆపిల్ 2 కంప్యూటరుకై లెక్కల పట్టిక ప్రోగ్రామగు విసికాల్క్‌ను నిర్మించిన నాటినుండియు ఈ సాధనమునకు ప్రాణము ఒక్కటే: ఒక అంకె మార్చిన, దానిపై ఆధారపడినవన్నియు వాటంతట అవియే మారవలెను.

తేదీల ప్రకరణము నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. సెల్లులో తేదీగా కనబడునది లోపల ఒక సంఖ్య మాత్రమే. 1900 జనవరి 1 ఒకటి. ఆపై దినమున కొకటి చొప్పున పెరుగును. మధ్యాహ్నము పండ్రెండు గంటలనగా దానికి చేరిన అర. అందుచేతనే ఒక తేదీనుండి మరియొక తేదీని తీసివేయగా నడుమ గడచిన దినముల సంఖ్య వచ్చుచున్నది. ఆ లెక్కలో 60వ దినము 1900 ఫిబ్రవరి 29. 1900 లీపు సంవత్సరము కాదు గనుక అట్టి దినమే లేదు! 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను లెక్కల పట్టిక ప్రోగ్రాములోని ఈ దోషమును, దానితో చేసిన పట్టికలు తన యందు చెదరకుండుటకై ఎక్సెల్ తెలిసియే స్వీకరించి, నేటికిని మోయుచున్నది.

ఫోనులో వెదకుటకు మొదట సందేహము కలుగవలె గదా. పట్టికలో ఒక పేరును వెదకి దాని వరుసలోని విలువను తెచ్చు వీలుకప్ ఫార్ములాలో నాలుగవ అంశమును వదలివేసినచో, మనము సుమారు పోలికను కోరుచున్నామని ఎక్సెల్ తలచును. పట్టికలోని మొదటి నిలువు వరుస ఆరోహణక్రమమున లేకున్నచో, ఒకరి జీతము వేరొకరి పేరున వచ్చి, నిజమైన దానివలెనే కూర్చుండవచ్చును. హెచ్చరిక యేదియు రాదు. చూచువారికి సందేహమే కలుగదు. గ్రంథమైతే ఆ నాలుగవ అంశమును అడుగకయే చెప్పును. 2010 నాటి పుస్తకములో ఎక్స్‌లుకప్ లేదు. తరువాత వచ్చిన ఆ ఫార్ములా ఖచ్చితమైన పోలికనే తనంతట ఎంచుకొనును. అయినను కార్యాలయములలోని పాత ఫైళ్లలో నేటికిని వీలుకప్పే యున్నది. వానిని వారసత్వముగా పొందినవారు మొదట ఆ నాలుగవ అంశమును తెరచి చూడవలెను.