ఎందుకెందుకు పిల్లకు జేజేలు

మొయినా, నీకు జేజేలు! మేకలు కాసే పదేళ్ల శబర పిల్లా, నోటినిండా ప్రశ్నలున్న పిల్లా, నీకు జేజేలు!

ఆడపిల్లల కోసమని పేర్చిన బొమ్మల పుస్తకాల్లో అన్నీ రాకుమార్తెల మేడలే, గులాబీరంగు గౌనులే. వాటి మధ్య నువ్వు దొరికావు. కన్యికా కిని రంగుల్లో, మహాశ్వేతాదేవి మాటల్లో దొరికావు. పేజీ తిప్పగానే పాము వెంట పరుగు! నాగుపామును పట్టొద్దంటే ఎందుకు పట్టొద్దంటావు. మా అమ్మ పాముకూర ఎంత కమ్మగా వండుతుందో తెలుసా అంటావు. ఆ క్షణమే నీకు దాసోహమన్నాను.

మీ అమ్మ ఖీరీకి కాలు బాగాలేదు. నాన్న పనికోసం జంషెడ్‌పూర్ పోయాడు. కట్టెలూ నీళ్లూ భూస్వామి బాబుల మేకలూ నీ నెత్తినే పడ్డాయి. అయినా పుస్తకం నిన్ను చూసి జాలిపడమనదు. నువ్వు అడగడం చూసి మురిసిపొమ్మంటుంది. ఏటికి అంతదూరం ఎందుకు నడవాలి? ఆకుల గుడిసెలో ఎందుకుండాలి? రెండుపూటలా అన్నం ఎందుకు లేదు? కొట్టం ఊడ్చేది నేనైతే, బియ్యం పంపాడని బాబుకు నేనెందుకు దణ్ణం పెట్టాలి? బ్రిటిషువాళ్ల చట్టం పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన జాతి మీది. 1952లో చట్టం పోయింది, ముద్ర మాత్రం చెరగలేదు. ఆ ఇంటి పిల్ల తలెత్తి అడుగుతోంది. పురూలియా శబరుల పక్షాన ఏళ్ల తరబడి పోరాడిన మహాశ్వేతాదేవి, ఈ కథలో నీ పక్కన కూర్చుని వింటోంది.

అన్నిటికన్నా నాకు ప్రాణం నీ బడి పేచీ. మాలతి టీచరు పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా చదువు చెబుతుంది. పదకొండయ్యాక నువ్వొచ్చి నిలబడతావు. పొద్దున్నే మేకలు తోలుకెళ్లాలి, పదకొండు దాటితేనే నాకు వీలు, వేళ ఎందుకు మార్చరూ అని నిలదీస్తావు. వేళ మారుతుంది! తల్లీ, బడికి పిల్లలు రావడం లేదని పెద్దలు నిట్టూరుస్తారు. పిల్లల దగ్గరికి బడి ఎందుకు రాలేదని నువ్వడిగావు. పేరు దగ్గరగా వినిపించినా, మన సీతంపేట కొండల సవరలు వేరు, మీరు వేరు. అయినా నిన్ను చదువుతుంటే గిడుగు రామమూర్తిగారు తలపుకొస్తారు. సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని సవర భాష నేర్చి, పుస్తకాలు రాసి, బడులు పెట్టినాయన. ఆయనే ఉంటే నీ ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా కూర్చుని బదులు చెప్పేవారు.

రాత్రి నెగడి దగ్గర చెల్లెలికీ అన్నకూ పాఠం చెప్పే నీ దర్జాకు జేజే! ఒక చెట్టు కొడితే రెండు నాటాలట, చేతులు కడుక్కోనిదే తినకూడదట. నీ పెంపుడు ముంగిసకూ జేజే! 2003లో నిన్ను అచ్చేసిన చెన్నై తూలిక వారికీ జేజే!

చివరి పేజీకి నీకు పద్దెనిమిదేళ్లు. టీచరమ్మవి. బద్ధకం మానండి, అడగండి అని పిల్లల్ని తొందరపెడుతున్నావు. దోమల్ని ఎందుకు చంపాలో, ధ్రువనక్షత్రం ఉత్తరానే ఎందుకుంటుందో అడగమంటున్నావు. మొయినా టీచరూ, మా ఇళ్లలోనూ ఉన్నారు, ఎందుకూ అనబోయి అమ్మ కళ్లెర్రజేయడం చూసి ఆగిపోయిన చిన్నారులు. వాళ్లనీ నీ బడిలో చేర్చుకో. నన్ను కూడా.