టీకాలు – మరణములు: ఇంగ్లండు పట్టికల పరిశీలన

ప్రభుత్వము సేకరించిన లెక్కలు ప్రజల సొత్తు. వానిని దాచుట తగదు. అయితే పట్టికను అచ్చువేసినంత మాత్రమున దానిలోని సత్యము పాఠకునికి అందినట్లు కాదు. ఈ రెండు సంగతులకును ఇంగ్లండు కోవిడ్ పట్టికలు మంచి ఉదాహరణము.

2020 డిసెంబరు 8వ తేదీన బ్రిటనులో కోవిడ్ టీకాలు వేయుట ఆరంభమైనది. 2021లో అచటి జాతీయ గణాంక కార్యాలయము, ఇంగ్లండులో సంభవించిన మరణములను టీకా పొందినవారు, పొందనివారు అని విడదీసి ప్రకటింపసాగినది. కోవిడ్ మరణములనే గాక ఇతర కారణముల మరణములను కూడ చూపినది. వీనిని ఎవరైనను ఉచితముగా తీసికొని పరిశీలింపవచ్చును. ఇది మెచ్చుకొనదగిన పని.

కాని ఆ సంవత్సరము వెలువడిన ఒక పట్టికలో 10 మొదలు 59 ఏండ్ల వరకు గల వారినందరిని ఒకే వర్గముగా చేర్చినారు. ఆ వర్గములో రెండు మోతాదులు పొందినవారి మొత్తము మరణరేటు, పొందనివారి రేటుకంటె ఎక్కువగా కనబడినది. టీకాయే ప్రాణములు తీయుచున్నదని కొందరు ప్రచారము చేసిరి. ఇందులో కూడిక తప్పు లేదు. తప్పు వర్గీకరణలో ఉన్నది. టీకాలు ముందు వృద్ధులకు, పిదప క్రమముగా చిన్నవారికి వేయబడినవి. కావున ఈ వర్గములో టీకా పొందినవారిలో ఏబది ఏండ్లు దాటినవారు ఎక్కువ. పొందనివారిలో బాలురు, యువకులు ఎక్కువ.

ఒక కల్పిత లెక్క చూడుడు. లక్షమంది యువకులలో 20,000 మందికి టీకా అందినది. వారిలో ఇద్దరు మరణించిరి. అందని 80,000 మందిలో 16 మంది మరణించిరి. లక్షమంది పెద్దలలో టీకా అందినవారు 90,000, మరణములు 180. అందనివారు 10,000, మరణములు 40. రెండు వయస్సులలోను టీకా పొందినవారి మరణరేటు సరిగా సగము. కాని అందరిని కలిపినచో పొందినవారిలో పదివేలకు 16.5, పొందనివారిలో 6.2 అగును! గణాంకశాస్త్రజ్ఞులు దీనిని సింప్సన్ వైపరీత్యము అందురు.

పొరపాటు ఒకవైపు మాత్రమే జరుగునని తలపరాదు. టీకా వేసిన తొలి వారములలో ఇతర వ్యాధుల మరణములు కూడ టీకా పొందినవారిలో తక్కువగా కనబడినవి. కోవిడ్ టీకా గుండెజబ్బును, క్యాన్సరును మాన్పదు గదా! మరణమునకు చేరువైన రోగులకు టీకా వేయకపోవుట ఇందుకు ఒక కారణము. కావున టీకాను సమర్థించువారు సైతము ఈ పట్టికలనుండి దాని శక్తిని నేరుగా కొలువరాదు.

మరియొక సంగతి హారమునకు సంబంధించినది. తొలి పట్టికలలో జనసంఖ్యను 2011 జనాభా లెక్కల ఆధారముగా తీసికొన్నారు. పది ఏండ్లలోపు పిల్లలు అందులో లేకపోవుటకు కారణమిదే. 2011 తరువాత ఆ దేశమునకు వచ్చినవారును అందులో చేరలేదు. లవమును మాత్రమే చూచి హారమును విడిచినచో భిన్నము విలువ తెలియనట్లే, ఎవరిని లెక్కించిరో తెలియక మరణరేటును గూర్చి తీర్పు చెప్పరాదు.

తరువాతి ప్రకటనలలో 18–39, 40–49, 50–59 అని వయస్సులను విడదీసినారు. మరణములు 20కి తక్కువైనచోట ఆ రేటు నమ్మదగినది కాదని గుర్తు కూడ ఉంచినారు. ఇది సరియైన మార్గము. ఈ పని మొదటి పట్టికతోనే జరిగియుండవలసినది. 2023 మే వరకు సంభవించిన మరణములతో ఈ పట్టికల ప్రకటన నిలిచిపోయినది. ఇది విచారింపదగినది. వ్యక్తుల రహస్యమును కాపాడుట అవసరమే. కాని వయోవర్గములవారీ మొత్తములను ప్రకటించుటవలన ఎవరి గుట్టును బయటపడదు. అపోహకు మందు మౌనము కాదు. మరింత వివరమైన పట్టిక, దానితోపాటు ఎవరిని లెక్కించిరో తెలుపు నాలుగు మాటల వివరణ. ఉపాధ్యాయులు పై కల్పిత లెక్కను నల్లబల్లపై విద్యార్థులచేతనే చేయించినచో, పత్రికలో శాతమును చూచినపుడు "ఎందరిలో? ఏ వయస్సువారిలో?" అని అడుగు అలవాటు వారికి ఏర్పడగలదు.