ఎర్ర లైటు వెలిగింది, నీళ్లు ఆపండి

టెక్సాస్‌లో ఊరి పొలిమేర దాటి ఎకరం స్థలంలో ఇల్లు కొనుక్కునే మనవాళ్లు పూజగది ఈశాన్యంలో ఉందా అని చూస్తారు గానీ, పక్కగోడకున్న బూడిదరంగు డబ్బాను చూడరు. మునిసిపల్ డ్రైనేజీ రానిచోట, బంకమట్టి నీరు పీల్చనిచోట చాలావరకు ఏరోబిక్ సెప్టిక్ సిస్టమే దిక్కు. చిన్న కంప్రెసర్ రాత్రింబవళ్లు ట్యాంకులోకి గాలి ఊదుతుంటే బ్యాక్టీరియా మురుగును తినేస్తుంది. తేరిన నీరు క్లోరిన్ బిళ్లలను ఒరుసుకుంటూ పంపు ట్యాంకులో పడుతుంది. స్ప్రింక్లర్లు దాన్ని పచ్చిక మీద చల్లుతాయి. గాలి ఆగినా, నీటిమట్టం పెరిగినా ఆ డబ్బా కుయ్యోమంటుంది.

కూత ఆపడానికి బటన్ ఉంది. దాన్ని నొక్కేసి వెళ్లి పడుకునేవాళ్లను ఎరుగుదును. కూత ఆగుతుంది, ఎర్ర లైటు ఆరదు. బటన్ నొక్కగానే నేను ఇంట్లోకి ఓ కేక వేస్తాను: "షవరు కట్టెయ్యండి, బట్టల మెషిన్ ఆపండి!" అసలు పని ఇదే. అలారం మోగేసరికి ట్యాంకులో ఇంకా కాస్త జాగా మిగిలి ఉంటుంది. దాన్ని అంట్లకూ స్నానాలకూ ఖర్చుపెట్టకపోతే మెకానిక్ వచ్చేదాకా గట్టెక్కొచ్చు.

తర్వాత బ్రేకర్. పడిపోయి ఉంటే ఒక్కసారి లేపుతాను; మళ్లీ పడితే ఇక ముట్టుకోను. కంప్రెసర్ మీద అరచెయ్యి పెడితే సన్నటి వణుకు తెలియాలి. తెలిసినా సరే, ఫిల్టరు తీసి చూస్తాను. దుమ్మూ పచ్చిక తుక్కూ అట్టకట్టి ఉంటాయి. గాలి బాగానే ఉంటే అనుమానం పంపు మీదికో, నీటిమట్టాన్ని పసిగట్టే ఫ్లోటు మీదికో పోతుంది. టెక్సాస్ ఎర్రచీమలకు కరెంటు డబ్బాలంటే ఏం మోజో, స్విచ్చుల సందుల్లో దూరి మాడిపోయి పంపునే ఆపేస్తాయి. వాటిని తియ్యడం నా పని కాదు. ట్యాంకు మూత తెరవడం అసలే కాదు. లోపలి వాయువుకు ప్రాణాలు పోతాయి.

వానా విందూ కూడా అలారం మోగిస్తాయి. ఇంట్లో సత్యనారాయణ వ్రతం అంటే స్నానాల నీళ్లు, గుండిగలు తోమిన నీళ్లు ఒక్క పూటలో దిగుతాయి. ఆపైన గారెల మూకుడులోని నూనె ఎవరో సింకులో వంపేస్తారు. అందుకే మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు ఏ లైటు వెలిగింది, బ్రేకర్ సంగతేంటి, వాన పడిందా అన్నీ నేనే ముందు చెప్పేస్తాను. అంతా విని అతను అడిగేది ఒక్కటే: నిన్న ఇంటికి ఎంతమంది వచ్చారని.