బ్యాంకు దొంగ కాపాడిన చేను

యాస గురించి రాసుకొనే చోట ఇంగ్లీషు ఫైటింగ్ సినిమా ఏమిటికి అని అడుగుతారేమో. చదవండి, చెప్తాను.

'నోవేర్ టు రన్' 1993లో వచ్చింది. దర్శకుడు రాబర్ట్ హార్మన్, హీరో జాన్ క్లాడ్ వాన్ డామ్. అప్పుడు క్యాసెట్ తెచ్చుకొని చూసి, తన్నులు బాగున్నాయి అనుకొని వదిలేసినాను. మొన్న ఒక రాత్రి మళ్ళీ చూస్తే తన్నులు విసుగు పుట్టించినాయి, చేను మాత్రం మనసులో నిలిచిపోయింది.

కథ చిన్నదే. శామ్ బ్యాంకు దోచి జైలుకు పోయినవాడు. (బ్యాంకులోనే బతుకంతా చేసిన నాకు ఈ హీరో మీద మనసు కుదరడానికి కొంచెం సేపు పట్టింది.) స్నేహితుడు చేసిన హత్యను కూడా తన మీద వేసుకొన్నాడు. ఆ స్నేహితుడే జైలు బస్సుకు అడ్డం పడి ఇతన్ని విడిపించి, తాను ప్రాణం పోగొట్టుకొంటాడు. శామ్ వచ్చి దాక్కొనేది క్లైడీ అనే ఆమె చేనులో. మొగుడు లేడు, ఇద్దరు బిడ్డలు. ఆ నేల మీద ఫ్రాంక్లిన్ హేల్ అనే బిల్డరు కన్ను పడింది. ఆమె అమ్మనంటుంది. రౌడీలు దిగుతారు.

1953 నాటి 'షేన్' చూసినవాళ్ళకు ఇది తెలిసిన దావే. గుర్రం పోయి మోటార్ సైకిలు వచ్చింది, పశువుల ఆసామి పోయి బిల్డరు వచ్చినాడు. కథ రాసిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ మార్క్వాండ్ 1987లోనే చనిపోయినాడు. అంటే ఇది చాన్నాళ్ళు పెట్టెలో ఉండి బయటికొచ్చిన కథ. దాన్ని నేను తప్పు పట్టను. పరాయివాడు వాకిట్లోకి వచ్చే కథ ఎన్నిసార్లైనా చెప్పొచ్చు. మొదటి సగంలో పిల్లవాడు (కీరన్ కల్కిన్) ఆ కొత్త మనిషికి కొంచెం కొంచెంగా దగ్గరవడం చక్కగా తీసినారు. వాన్ డామ్ బెల్జియం మనిషి, ఇంగ్లీషులో ఆ యాస దాగదు. ఆ ఇంట్లో అది అతికినట్టే ఉంది. మనం హైదరాబాదులో నోరు తెరిస్తే "మీదే ఊరు?" అంటారే, అట్లాంటి మనిషే ఆ ఇంటికి కావలి.

నా పేచీ హేల్‌తో. జాస్ ఆక్లాండ్ పెద్ద నటుడే, కానీ ఆయనకిచ్చినది పళ్ళు కొరికే విలనీ. చేను తీసుకోవడానికి ఇంతమంది రౌడీలు ఏమిటికప్పా? నేను లోన్ల టేబుల్ మీద చూసిన చేలు ఏవీ తన్నులతో పోలేదు. అన్నదమ్ముల భాగాల తగాదాతో పోయినాయి. పవర్ రాసిచ్చి పోయినాయి. కూతురి పెళ్ళి అప్పుతో పోయినాయి. పట్టా, చిట్టా, ఈసీ అన్నీ సరిగ్గా ఉండి, అందరూ నవ్వుతా సంతకాలు పెట్టి పోయినాయి. సినిమాలో అసలు బలం క్లైడీ సంతకం పెట్టకపోవడం. రోజానా ఆర్కెట్ ఆ మొండితనాన్ని కళ్ళలో చూపించింది కూడా. దర్శకుడు దాన్ని నమ్ముకోలేదు, గెలుపు తీసుకొనిపోయి శామ్ కాళ్ళకు కట్టినాడు.

మా హోసూరు దిక్కు బిల్డరు అనే మాట ఇంట్లో వాడం, "లేఔటోళ్ళు" అంటాం. వాళ్ళు మా చేనుకు వచ్చినప్పుడు మర్యాదగా కాఫీ తాగినారు. నాన్న లేడు. మేము నలుగురం, నేనే ముందు సంతకం పెట్టినాను. లెక్క వేసి చూస్తే మంచి ధరే. దస్తావేజులో సర్వే నంబరు, హద్దులు ఉండాయి. గుండ్లచేను, కుంటకింద మడి, జాలిమాను గడ్డ అని మేము పిలిచిన పేర్లు ఎక్కడా లేవు. లోన్ల కాగితాల్లో నేను కూడా ఏ రైతు చేను పేరూ రాసిన పాపాన పోలేదు, ఫారంలో దానికి గడి లేదు. ఇప్పుడు గుండ్లచేను ఎక్కడని మా అన్నకొడుకును అడిగితే, మూడో క్రాసా నాలుగో క్రాసా అని ఆలోచిస్తాడు.

అందుకే సినిమా చివర నాకు అంత రుచించలేదు. శామ్ పోలీసులకు లొంగిపోతాడు, తిరిగి వస్తానని మాట ఇస్తాడు, చేను మిగులుతుంది. ఆ నేలను ఆ ఇంటివాళ్ళు ఏమని పిలుస్తారో మాత్రం సినిమా అయిపోయినాక కూడా నాకు తెలియలేదు. చూడాలనుకొనేవాళ్ళు మొదటి గంట చూడండి. ఆ తరువాత కాఫీకి లేచినా నష్టం లేదు.