డోలు ఎవరికి బదులు చెబుతుంది?

ఈ మధ్య తెలంగాణలో సర్కారు వేడుక ఏది జరిగినా ఊరేగింపు ముందు ఒగ్గుడోలు ఉండాల్సిందే. పసుపు బట్టలు, కాళ్లకు గజ్జెలు, మెడలో డోళ్లు. ఇరవై ముప్పై మంది ఒక్క ఊపున గిర్రున తిరుగుతారు, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి ఆ ఎత్తునుంచే దరువేస్తారు. చూసేవాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. కాసేపట్లో అయిపోతుంది. బాగుంటుంది, కాదనను. అయితే ఆ విన్యాసం ఒగ్గుకథ అనే ఓ పెద్ద కళలోని ఒక్క అంగం. తక్కిందంతా చూడాలంటే సంక్రాంతి తర్వాత సిద్దిపేట జిల్లా కొమురవెల్లికి పోవాలి.

సిద్దిపేటనుంచి దుద్దెడ మీదుగా చేర్యాల పోయే తోవ పట్టుకుంటే చాలు. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా కొమురవెల్లి వరంగల్ జిల్లాలో ఉండేది. గుట్టమీది దేవుడు మల్లికార్జునస్వామి, జనం నోట మల్లన్న. విగ్రహం పుట్టమన్నుది. చెరోపక్క బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. మార్గశిరంలో కల్యాణం అవుతుంది. సంక్రాంతి తర్వాతి ఆదివారంతో మొదలయ్యే జాతర ఉగాది ముందరి ఆదివారం దాకా సాగుతుంది. మొదటిది హైదరాబాద్ భక్తుల పట్నం వారం, ఆ వెంటే సికింద్రాబాద్ వాళ్ల లష్కర్ వారం. గుడి లోపలి అర్చన వీరశైవులది. బయట చెట్లకింద, సత్రాల ముందు జరిగేదంతా ఒగ్గు పూజారుల చేతిలో ఉంటుంది. వీళ్లు ఎక్కువగా కురుమలు, గొల్లలు. ఒగ్గు అంటే శివుడి డమరుకం.

వీళ్ల పని పాటతో కాదు, పట్నంతో మొదలవుతుంది. తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు పొడులను చిటికెలతో వదులుతూ నేలమీద పెద్ద ముగ్గు పరుస్తారు, అదే పట్నం. మొక్కున్న కుటుంబం కొత్త కుండలో బోనం వండి పక్కన పెడుతుంది. శివరాత్రి అర్ధరాత్రి వేసే పెద్దపట్నమైతే చెప్పనక్కర్లేదు, జనం ఒకరినొకరు నెట్టుకుంటూ దాని చుట్టూ కాచుకుని ఉంటారు. డోలు వేగం అందుకున్నాక పూజారులు, వెనకే భక్తులు, అంత ఓపికగా వేసిన బొమ్మను తొక్కుకుంటూ దాటుతారు. చెదిరిన పసుపును, అదే బండారిని, నొసట పెట్టుకుని కొంగున కట్టుకుపోతారు. దగ్గర్లోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డమీద వేసే బొమ్మల పటాలను తరతరాలు దాచుకుని కథలు చెప్పే కులాలున్నాయి. ఒగ్గువాళ్ల బొమ్మ మాత్రం పూట గడవదు. చెరిగిపోవడంతోనే దాని పని పూర్తవుతుంది.

పట్నం వేసిన చేతులే గజ్జెలు కడతాయి, కథా చెబుతాయి. దళంలో నలుగురైదుగురుంటారు. ముందు కథకుడు, వెనక వంతగాళ్లు. డోలు, పెద్ద తాళాలు, నపీర, కంజీర వాళ్ల సరంజామా. కథకుడు మెడలో గవ్వల హారం, భుజాన గొంగడి, నెత్తిన రుమాలుతో నిలబడతాడు. ముందుకు వేసిన అడుగు వెనక్కి వస్తుంటే రాగం తీస్తాడు, అడుగు ఆగగానే వచనంలోకి దిగుతాడు. వాక్యం చివర గొంతు పడిపోయే చోట వంతగాడు "ఆఁ, అయితే ఏమాయె?" అంటాడు. పైకి అల్లరిలా ఉంటుంది గానీ, కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది అక్కడే. గొర్రెల పెంపకం గురించో ఆనాటి ఊరి ముచ్చట గురించో ఒక చమత్కారం దూరేదీ అక్కడే. ఆ ప్రశ్న మీద డోలు పడుతుంది. ఒకవైపు పుల్ల, ఒకవైపు అరచెయ్యి. కోపానికి పుల్ల ముందుంటే, దుఃఖానికి చెయ్యి ముందుంటుంది.

వేషాలు మార్చుకోవడానికి తెర లేదు, సమయమూ లేదు. నెత్తిమీది గుడ్డను కొంగులా కప్పుకుంటే మల్లన్న కేతమ్మ అయిపోతాడు. నడుములో చిన్న వంపు, మెడ వాల్చిన తీరు, అడుగు నిడివి తగ్గడం, అంతే. మీసాలున్న మనిషి ఆడబిడ్డగా ఏడుస్తుంటే ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మలు నిజంగానే కళ్లొత్తుకుంటారు. నా మటుకు, భుజాలమీద నిలబడి డోలు కొట్టడం కంటే ఇది కష్టమైన విద్య. ఈ విద్యలో పేరు మోసినవారు జనగామ ప్రాంతపు మాణిక్యాపురం వాసి చుక్క సత్తయ్య. 2017లో పోయారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు మరో దిగ్గజంగా వెలిగారు.

ఈ డోలూ, ఈ కొలుపూ తెలంగాణకే పరిమితం కాదు. కర్ణాటకలో కురుబలు బీరేశ్వరుడి పేరున డొళ్లు కుణిత ఆడతారు. మన కురుమలు చెప్పుకునే బీరప్ప కథకూ దేవుడు ఆయనే. మల్లన్నలాగే మహారాష్ట్ర జేజూరిలో ఖండోబాకూ ముఖ్యంగా ఇద్దరు భార్యలే, వారిలో బాణాయి గొర్రెకాపరులైన ధనగర్ల ఆడపడుచు. అక్కడా గుట్టంతా పసుపే. గొర్రెల మందల వెంట దక్కన్ పీఠభూమి అంతా తిరిగిన దేవుళ్లు వీళ్లు. డొళ్లు కుణితకు కూడా వేదికల మీద మంచి గిరాకీ ఉంది.

వేదిక వల్ల దళాలకు నాలుగు డబ్బులు వస్తున్నాయి, కుర్రాళ్లు డోలు పట్టుకుంటున్నారు. దాన్ని తప్పుపట్టే హక్కు, పొలంపని మానుకుని రాత్రంతా గొంతు చించుకోని నాకు లేదు. నా ఫిర్యాదు ఒక్కటే: కథలో డోలు కథకుడికి బదులు చెబుతుంది, ఊరేగింపులో బదులు చెప్పడానికి ఎదుట ఎవరూ లేరు. అందుకే అక్కడ వేగం పెరుగుతుందే తప్ప తగ్గదు. కొమురవెల్లిలో దరువు తగ్గిన చోటే చెవి పెట్టాలి. కేతమ్మ మాట మొదలయ్యేది అక్కడే.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట. పట్నం వారం రద్దీలో కథ వినపడదు, డోలే వినపడుతుంది. మాఘమాసపు ఏదో ఆదివారం ఎంచుకోండి. గంగరేగు చెట్టు దగ్గర పట్నాలు చూసుకుని, ఆపైన సత్రాల వైపు నడవండి. మొక్కు తీర్చుకునే కుటుంబం ఏదో ఒకటి కథ చెప్పించుకుంటూ ఉంటుంది. పక్కన కూర్చుంటే ఎవరూ లేవమనరు.