నాటకమునకు ముందే తీర్పు

వేల్సు యువరాజును తన యింటి యంతఃపురమునకు ఆహ్వానించిన యొక వకీలును పరిహసించుచు 1876లో కలకత్తాలో ఒక ప్రహసనము నాడిరి. ఆ యేడే నాటక ప్రదర్శనల చట్టము పుట్టెను. ఆట యపవాదకరమనియో, ప్రభుత్వద్వేషము పుట్టించుననియో, చూపరుల నడవడి చెఱచుననియో ప్రభుత్వమునకు తోచినచో నిషేధింపవచ్చును. మీఱినవారికి మూడు నెలలవఱకు చెఱ.

“తోచినచో” అను మాటయందే దీని విషమంతయు నున్నది. నేరము జరిగినదని న్యాయస్థానమున రుజువు చేయనక్కఱలేదు. జరుగునేమోయని శంకించిన చాలును.

పరదేశీయుల చట్టము వారితోనే పోవునని తలచితిమి. పోలేదు. 1954లో మద్రాసు శాసనసభ అట్టిదానినే తానుగా చేసికొనెను! పాత చట్టము రాజ్యాంగవిరుద్ధమని 1956లో అలహాబాదు హైకోర్టు చెప్పినను, అది రద్దగుటకు 2018 వఱకు పట్టెను.

రంగస్థలమున బూతు పెరిగినది, చట్టమే దిక్కని సంస్కారప్రియులు కొందఱందురు. బూతునకు నేనును పక్షపాతిని గాను. పరువు పోయినవాడు కోర్టున కెక్కవచ్చును. రోత యాటకు టిక్కెట్టు కొనకుండుట మన చేతిలోని పని. ఆడకమునుపే యాపు నధికారము వేఱు. 1892లో విజయనగరమున కన్యాశుల్కము నాడిననాడు ఈ చట్టము అమలులోనే యుండెను. అందలి పెద్దమనుష్యుల వేషములు చూచి యే యధికారికైన మఱొకలాగున తోచియుండినచో?